దడి అవతల పెట్టిన చెదల కుండ

నా చెయ్యి మంచిదని మా వాడలో అందరూ అంటారు. కోడి పొదుగుకొస్తే దాని కింద గుడ్లు పెట్టడానికి నన్నే పిలుస్తారు. ఎండాకాలం రాగానే, గుట్ట మీది నుంచి గుడ్డెలుగు, అదే ఎలుగుబంటి, దిగుతుందని కోళ్ళ గూటి చుట్టూ ముళ్ళకంప వేస్తారు కదా, ఆ మొదటి కొమ్మ కూడా నా చేత్తోనే వేయిస్తారు. నేను పోతాను. పెట్టమన్నది పెడతాను, వేయమన్నది వేస్తాను, ఆకూ పోకా కొంగున కట్టుకుని తిరిగొస్తాను. వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆ చెయ్యి నాది కానట్టే ఉంటుంది. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఇదే. ఆ మంచి పేరు నాది కాదు. ఒకరి దగ్గర లాక్కున్నది.

లాక్కున్నాను అంటే అది కూడా పూర్తి నిజం కాదేమో. వాళ్ళే ఇచ్చారు. నేను కాదనలేదు. కాదనకుండా ఊరుకోవడం లాక్కోవడం కంటే చిన్న తప్పా? మగ్గానికి నూలు కండె చుట్టేటప్పుడు చేతులకే పని ఉంటుంది, మనసుకు ఉండదు. అప్పుడు నన్ను నేనే అడుగుతుంటాను. కండె మాత్రం నిండుతుంది.

ముందే చెబుతున్నాను, ఇందులో నెత్తురు లేదు. ఎవరూ చావలేదు. ఎవరి కాపురమూ కూలలేదు. కొన్ని గుడ్లు పగిలాయి. మా ఆయనకు చెబితే "ఓస్, గింతేనా?" అంటాడు. అట్లా అంటాడనే చెప్పలేదు. ఇంకో సంగతి, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున చెబితే అన్నాల వేళకల్లా వాడలో ప్రతి మగ్గం దగ్గరా అదే ముచ్చట నడుస్తుంది. మీరైతే మా వాడవాళ్ళు కారు. నన్ను గుడ్లు పెట్టడానికి పిలిచేవాళ్ళూ కారు. అందుకే మీతో చెప్పడం తేలిక. నా పేరు మాత్రం రాయను, అడగొద్దు.

మా పుట్టిల్లు హుజూర్‌నగర్ దగ్గర. కులానికి సాలోళ్ళమే గానీ, మా తాత కాలంలోనే మగ్గం గుంట పూడ్చేసి పొలం పనుల్లో పడ్డారు. నేను నాలుగో తరగతి దాకా చదివాను, నాట్లేయడం నేర్చాను, కోళ్ళను సాకడం నేర్చాను. కండె చుట్టడం మాత్రం నేర్వలేదు. అట్లాంటిదాన్ని తెచ్చి పాలమూరు జిల్లాలో, అడవి అంచున, మగ్గం చప్పుడుతో తెల్లవారే ఊరికి ఇచ్చారు. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి ఎండాకాలం నా పెళ్ళి.

నేను చుట్టిన కండె నాడెలో పెడితే జానెడు బట్ట నేసేలోపే పోగు తెగేది. మా ఆయన మగ్గం గుంటలోంచి తలెత్తి నా వైపు చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. అనాల్సినవన్నీ మా అత్తమ్మే అనేది. "మీ అమ్మ నీకు తినుడొక్కటే నేర్పిందా పిల్లా?" అని వాడంతా వినబడేటట్టు. నిజానికి మనిషి మంచిది, నోరే కాస్త పెద్దది. నోరు నాకూ తక్కువ లేదు గానీ, కొత్త కోడల్ని కదా, కుట్టేసుకుని కూర్చున్నాను.

ఆ రోజుల్లో నన్ను కాచింది నర్సక్క. మా బావ భార్య, నాకు తోటికోడలు, నాకంటే చాలా పెద్దది. పక్కపక్క ఇళ్ళు మావి. వెనక పెరడు ఒకటే, మధ్యన కంపతో కట్టిన దడి. నేను చుట్టిన వదులు కండెల్ని కొంగులో దాచుకుని పోయి, తను మళ్ళీ బిగించి చుట్టి, అత్తమ్మ చూడకముందే నా గంపలో పడేసేది. ఒకరోజు అత్తమ్మ ఆ కండె పట్టుకుని చూసి, "ఇగ జర దారికొచ్చినవు" అని నన్ను మెచ్చుకుంది. నేను తల వంచుకుని ఆ మెప్పు తీసుకున్నాను. దడి అవతల అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆమెది నేను తీసుకోవడం అప్పుడే మొదలైందేమో.

అప్పట్లో మా వాడలో గుడ్లు పెట్టే చెయ్యి అక్కదే. మీకు ఈ వాడుక తెలుసో లేదో. ఇక్కడ కోడి పొదుగుకొస్తే ఇంటావిడ తన చేత్తో గుడ్లు పెట్టదు. చేతివాసి మంచిదని పేరున్న మనిషిని పిలుస్తుంది. అక్క తలస్నానం చేసి తడి కొప్పుతో వచ్చేది. గంపలో బూడిద చల్లి, గడ్డి పరిచి, ఒక్కో గుడ్డునూ ఎండకు పట్టి చూసి ఏరేది. ఉరుముకు గుడ్లు చెడకుండా ఒక విరిగిన కొడవలి ముక్కను గడ్డి కింద ఒకసారి దూర్చి తీసుకునేది. ఆ ముక్క వాళ్ళమ్మ ఇచ్చింది. అన్నీ అయ్యాక కోడి తల నిమిరి, "అన్ని పిల్లలైతయి, ఒక్కటి మురగది, నిమ్మలంగ కూసో" అని దానికి అప్పజెప్పేది. నాకు నవ్వొచ్చేది. కానీ ఆమె పెట్టిన గుడ్లు నిజంగానే మురిగేవి కావు. పిల్లలు లేచిన ఇంటివాళ్ళు వచ్చి చెబితే అక్క ముఖం చూడాలి. పండగ నాడు కొత్త చీర కట్టినా ఆ ముఖానికి అంత వెలుగు రాదు.

ఇక నా సంగతి. మా పుట్టింట్లో కోడిపిల్లలకు చెదపురుగులు పెట్టడం మామూలే. పగిలిన కుండలో పేడ, జొన్నచొప్ప ముక్కలు కుక్కి, నీళ్ళు చిలకరించి, చెదలున్న చోట బోర్లిస్తాం. తెల్లారేసరికి కుండ నిండా తెల్లగా పురుగు. పిల్లల ముందు దులిపితే ఎగబడి తింటాయి, చూస్తుండగానే పెరుగుతాయి. అత్తవారి ఊళ్ళో ఎవరూ ఈ పని చేసేవాళ్ళు కాదు. ఎందుకు చేయరో నేను అడగలేదు. వీళ్ళకు తెలియదనుకున్నాను. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకు అత్తవారి ఊరు అన్నిట్లోనూ వెనకబడ్డట్టే కనిపిస్తుంది కదా. మాది గుట్టలు లేని నేల, చెరువులు, వరి పొలాలు. అక్కడ చెదల కుండ కోసం వచ్చేది కాకి ఒక్కటే.

పెంటకుప్ప వెనక, ఎవరికీ కనబడని చోట కుండ పెట్టాను. దాచాలని కాదు మొదట్లో. అత్తమ్మ ఏదో ఒకటి అంటుందని. తర్వాత దాచాలనే దాచాను. ఎందుకంటే నా పిల్లలు అందరి పిల్లల కంటే ముందు ఈకలు తొడిగాయి. ఆడవాళ్ళు వచ్చి దడి మీంచి తొంగిచూసి, "నీ చేతుల ఏం మంత్రమున్నదే పిల్లా?" అన్నారు. అత్తమ్మ కూడా, ఎంత పెద్ద నోరో అంత పెద్దగా, "మా చిన్న కోడలు చెయ్యి పెడితే రాయి గూడ పిల్లైతది" అని చెప్పుకుంది. కండెలు చుట్టడం రాని కోడలికి అదొక్కటే పేరు. కుండ సంగతి చెబితే ఏముంది, ఆ పేరు కుండకు పోతుంది. చెప్పలేదు. అక్కకు కూడా చెప్పలేదు. అక్క మాత్రం అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా, "మా చెల్లె చెయ్యి మంచిది" అని ఊరంతా చెప్పింది. ఆమెకు కుళ్ళు అనేది తెలియదు. ఉంటే నాకు ఎంత బాగుండేది.

మరుసటి ఎండాకాలం గుట్ట మీద నీళ్ళెండాయి. ఒక పొద్దున లేచి చూస్తే మా పెరటి వెనక కంప చీలి ఉంది, పెంటకుప్ప పక్కన నేలంతా గోళ్ళతో గీరి ఉంది. గుడ్డెలుగు వచ్చిందని వాడంతా గుమిగూడింది. కోళ్ళ కోసమే వచ్చిందన్నారు. అడవిలో తిండి లేక కోళ్ళ వాసన పట్టిందన్నారు. కోళ్ళను లెక్క చూస్తే ఒక్కటీ పోలేదు. అంతా నా వైపు చూశారు. చెయ్యి మహిమ అన్నారు. నేను కుండ పెంకుల్ని కాలితో పేడ కిందికి తోశాను. అప్పటికి నాకూ అనుమానమే, నిజం తెలియదు.

కోళ్ళను కాపాడుకోవడానికి మావాళ్ళు పడ్డ పాట్లు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. గూళ్ళ చుట్టూ రేగుకంప, గూటి తలుపుకు బండరాయి, పొద్దుగూకితే ఎండుమిరపకాయల పొగ. ఆ పొగకు ఎలుగు దగ్గిందో లేదో గానీ మేమంతా దగ్గాం. మా బావ పాత నాడెలు, డబ్బా మూతలు నూలుపోగుకు గుచ్చి దడి పొడుగునా తోరణంలాగా వేలాడదీశాడు, ఎలుగు తగిలితే గలగలమని లేపుతుందని. పిల్లి పోయినా మోగింది, గాలి వచ్చినా మోగింది. నాలుగు రోజులకు అత్తమ్మ చాపలోంచి లేచి కూర్చుని, "గుడ్డెలుగు ఎప్పుడొస్తదో దేవునికెరుక, నా పానం మాత్రం నువ్వే తీస్తున్నవురా" అని కొడుకును తిట్టి, కత్తెర పెట్టి ఆ తోరణం కోసేసింది. అక్క కడుపు పట్టుకుని నవ్వింది. అంత నవ్వు ఆ ఇంట్లో మళ్ళీ చాలా రోజులకు గానీ వినబడలేదు.

ఆ తర్వాత ఒక తెల్లవారుజామున నేను మళ్ళీ పెట్టిన కుండ తీయడానికి పెరట్లోకి పోయాను. మొదట చప్పుడు వినబడింది. కొలిమి తిత్తి ఊదినట్టు ఒక ఊపు, వెంటనే గంజి జుర్రినట్టు ఒక పీల్పు. గోడ వారగా నిలబడిపోయాను. పెంటకుప్ప వెనక నల్లగా, జూలుతో, గొంగడి కప్పుకుని కూర్చున్న మనిషంత ఉంది. నా కుండను పక్కకు దొర్లించి, ఆ మట్టిని ఊది, పురుగును పీలుస్తోంది. పది అడుగుల్లో కోళ్ళ గూడు. లోపల కోళ్ళు గోల చేస్తున్నాయి. అది అటు తల కూడా తిప్పలేదు. కుండ ఖాళీ చేసి, మూతి తుడుచుకోవడానికన్నట్టు చొప్పలో రుద్దుకుని, వచ్చిన దారినే పోయింది.

అప్పుడు తెలిసింది నాకు. ఊళ్ళో ఎవరికీ తెలియనిది నాకు తెలిసింది. అది కోళ్ళ కోసం రావడం లేదు. నేను పిలిస్తే వస్తోంది.

ఏం చేయాలి? కుండ మానేస్తే చాలు. చెప్పాల్సిన పని కూడా లేదు, నోరు మూసుకుని మానేస్తే సరిపోయేది. ఎన్నిసార్లు అనుకున్నానో ఈ మాట. కానీ ఆ వారమే పై వాడ నుంచి ఒకామె వచ్చి, తన కోడి పొదుగుకొస్తోందని, గుడ్లు నన్ను పెట్టమని అడిగిపోయింది. అక్కను కాదు, నన్ను. మొదటిసారి. ఆమె మళ్ళీ వచ్చేసరికి నా పెరట్లో పిల్లలు ముద్దుగా బలిసి తిరుగుతుండాలి. చెదలు లేకపోతే అవి కూడా అందరి పిల్లల్లాగా ఈనెపుల్లల్లాగా ఉంటాయి. కుండ కావాలి, ఎలుగు వద్దు. రెండూ ఎట్లా?

దడి అవతల, అక్క పెరటి చివర, పాత మగ్గం కట్టెలు పుచ్చిపోయి పడి ఉండేవి. అక్కడ చెదలు ఎక్కువ, అందుకే అక్కడ పెడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. దడిలోంచి చెయ్యి దూర్చి, ఆ కట్టెల వెనక కుండ బోర్లించాను. అబద్ధం ఎందుకు, మీతో కూడా అబద్ధమాడితే ఇంక ఈ రాత దేనికి? చెదలు ఎక్కువ ఉన్నందుకు కాదు. ఎలుగు వస్తే అటు రానీ అనుకున్నాను. నా కోళ్ళు, నా గూడు బాగుండాలి అనుకున్నాను. ఆ కట్టెల పక్క పాకలోనే అక్క పొదుగుకోడి గంప ఉందని నాకు తెలుసు. గుడ్లు పగిలే రోజులు దగ్గర పడ్డాయనీ తెలుసు. అక్క ముందురోజే గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని విని, "లోపట కీచుమంటాంది చెల్లె, నువ్విను" అని నా చెవి దగ్గరా పెట్టింది.

మర్నాడు తెల్లవారుతుండగా కట్టెలు విరుగుతున్న చప్పుడు. తర్వాత కోడి అరుపు. తర్వాత అక్క అరుపు. నేను దడి దగ్గరికి ఉరికేసరికి అక్క రోకలి పట్టుకుని పెరట్లో నిలబడి ఉంది, ఎలుగు ఆమె ఎదురుగా రెండు కాళ్ళ మీద లేచి ఉంది. అక్క కదల్లేదు. "పో! పొమ్మంటున్న!" అని అరుస్తోంది, కుక్కను అదిలించినట్టు. ఆ క్షణం ఏం మొక్కుకున్నానో నాకే తెలియదు. మా బావ ఇత్తడి తాంబాళం మోగిస్తూ వచ్చాడు, వాడలో మగాళ్ళు కేకలేస్తూ వచ్చారు, ఎలుగు కిందికి దిగి కంప తొక్కుకుంటూ గుట్ట దిక్కు పోయింది. అక్కకు గీరుడు కూడా పడలేదు. గంప మాత్రం తిరగబడి ఉంది. గుడ్లన్నీ ఎలుగు కాళ్ళ కింద పడ్డాయి.

అందరూ అక్క చుట్టూ చేరారు. ఒకరు నీళ్ళిచ్చారు, ఒకరు దిష్టి తీశారు. నేనేం చేశానో తెలుసా? ముందు కట్టెల వెనక్కి పోయాను. కుండ పెంకులు ఏరి కొంగులో వేసుకుని, మా పెంటకుప్పలో పూడ్చి, చేతులు కడుక్కుని, అప్పుడు వచ్చాను అక్క దగ్గరికి. ఎలుగు ఎదురుగా అక్కను పెట్టినందుకు కూడా నన్ను నేను ఒక్కోసారి క్షమించుకోగలను. భయమనీ, చిన్నతనమనీ చెప్పుకోగలను. ఆ పెంకులు ఏరినందుకు మాత్రం ఏం చెప్పుకోవాలో తెలియదు. అప్పుడు నా చేతులు వణకలేదు.

జనం పోయాక అక్క పాకలో కూర్చుంది. ఒళ్ళో ఒక గుడ్డు ఉంది. ముక్కుతో పొడిచిన చిల్లులోంచి పిల్ల కనిపిస్తోంది, కదలడం లేదు. నేను పక్కన కూర్చున్నాను.

"చూసినవా చెల్లె," అంది. గొంతులో ఏడుపు లేదు.

"పోనీ అక్కా. నీకేం కాలే, గదే పదివేలు."

"గది గాదే. నీ దొడ్లెకు ఎన్నిపార్లొచ్చింది? ఒక్క ఈక ముట్టలే. నా దొడ్లెకు ఒక్కపారి వచ్చి అన్ని తొక్కింది. పొద్దుగాల్ల పిల్లలయ్యేటివి. ఎందుకైతది గిట్ల?"

నేను చెదిరిన గడ్డిని గంపలోకి ఎత్తాను.

"నా చేతుల ఏమన్న పోయిందా? నిజం జెప్పు చెల్లె, నువ్వు సదువుకున్నదానివి."

చెప్పడానికి అంతకంటే మంచి వేళ దేవుడు కూడా ఇవ్వలేడు. అడిగింది కదా. నిజం చెప్పమనే అడిగింది. కుండ అనే రెండక్షరాలు నాలుక చివరి దాకా వచ్చాయి.

"ఒక్కొక్కపారి కలిసిరాదక్కా," అన్నాను.

అక్క తల ఊపింది. ఆ గుడ్డును గంపలో పెట్టింది. తర్వాత లేచి ఇంట్లోకి పోయి, దూలంలో దోపిన కొడవలి ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "గిది నువ్వుంచుకో. నీకు కలిసొస్తాంది. నలుగురి కోళ్ళన్న బతుకుతయి." తీసుకున్నాను. మిగిలిన కోళ్ళను కూడా ఆమె ఆ వారంలోనే నా గూట్లోకి తోలింది, నా దగ్గరైతే బతుకుతాయని. మా పెరట్లోకి వచ్చాక కూడా ఆ కోళ్ళు పొద్దున్నే దడి దగ్గరికి పోయి నిలబడేవి. అక్క వాటిని చూడకుండా లోపలికి పోయేది.

అంతే జరిగింది. ఆ రోజు నుంచి వాడలో గుడ్లు పెట్టే చెయ్యి నాది. అక్క మళ్ళీ ఒక్క కోడిని సాకలేదు.

తప్పు చేసినవాళ్ళకు కంటి మీద కునుకు ఉండదంటారు. నాకు బాగానే పట్టింది నిద్ర. ఇది మీతో దాచను. నా బతుకు మంచి బతుకు. మా ఆయన చేతిలో పని ఉంది, పిల్లలు బడికి పోతున్నారు, కండె చుట్టడం కూడా వచ్చింది, అక్కే నేర్పింది. మధ్యాహ్నాలు మేమిద్దరం ఒకే పంచలో రాట్నాలు వేసుకుని కూర్చుంటాం, ఊళ్ళో వాళ్ళందరినీ ఉతికి ఆరేస్తాం, వక్కాకు నములుతాం. అక్క మనిషిగా ఏం తగ్గలేదు. "కోళ్ళ పీడ వోయింది, పెంట ఎత్తే పని తప్పింది, కూర మాత్రం నువ్వు పంపు" అని నవ్వుతుంది. పంపుతాను. మా ఇంట్లో కోడి కోసిన ప్రతిసారీ కార్జం గిన్నెలో పెట్టి ముందు ఆమెకే పంపుతాను. మా ఆయనకు కూడా పెట్టను. వాడలో తోటికోడళ్ళంటే మమ్మల్నే చూపిస్తారు. అది ప్రేమ కాదా? ప్రేమే. ప్రేమ కింద ఆ కుండ కూడా ఉంది.

కుండ ఆ రోజే మానేశాను. చెదలు కావాల్సినప్పుడు పొలం గట్ల మీదికి పోయి, పురుగును బుట్టలో తెచ్చి పెట్టాను. ఎలుగు మా వాడకు మళ్ళీ రాలేదు. ఆ పేరూ నాకే వచ్చింది. అప్పటి నుంచి కంపకు మొదటి కొమ్మ నన్ను వేయమంటున్నారు. నేను కొమ్మ వేసి ఊరుకోను. గూటి దగ్గర పుచ్చిన కట్టె ఉంటే తీసేయిస్తాను, పుట్ట లేస్తే తవ్విస్తాను, చెద పట్టిన పేడను దూరంగా పోయిస్తాను. ఎందుకని అడిగితే, "అరిష్టం, కోళ్ళకు కలిసిరాదు" అంటాను. నమ్ముతారు. నేను చెప్పేది నిజం, చెప్పే కారణం అబద్ధం. వాళ్ళ కోళ్ళు బాగున్నాయి. అసలు కారణం ఆ రోజు అక్కతో చెప్పి ఉంటే, ఈ ఇల్లిల్లూ తిరిగి కట్టెలు తీయించేది అక్కే కదా?

ఒకసారి ధైర్యం చేసి, పిల్లల తల్లి కోడిని గంపతో సహా తీసుకుపోయి ఆమె పాకలో పెట్టాను. సాయంత్రానికి గంప మా వాకిట్లో ఉంది. "ఎందుకే పాపం, నా దగ్గర బతకయి" అంది, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా.

మొన్న మొన్న దాకా ఇదంతా మోయగలననే అనుకున్నాను. మొన్న అక్క కూతురు ఇంట్లో కోడి పొదుగుకొచ్చింది. ఆ పిల్లను మా వాడలోనే ఇచ్చారు. గుడ్లు పెట్టడానికి నన్ను పిలిచింది. తలస్నానం చేసి, కొడవలి ముక్క పట్టుకుని పోయాను. గంపలో గడ్డి పరిచి చూస్తే అక్క గడప అవతల, వాకిట్లో ఎండలో నిలబడి ఉంది. "లోపటికి రా అక్కా," అన్నాను. "వద్దు వద్దు, నువ్వు కానియ్యి," అంది. పొద్దు ఆమె వెనకగా ఉంది. ఆమె నీడ సాగి గడప మీద పడింది. అది చూసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నీడ ఇంకా గడప మీదే ఉంది. మళ్ళీ వెనక్కి జరిగి, చివరికి పక్కకు తప్పుకుంది. తన నీడ గంప మీద పడకూడదని. తన కూతురి గుడ్ల మీద.

అక్కడి నుంచి మెడ చాపి, "ఎండకు పట్టి చూసినవా? నల్ల మచ్చున్నదాన్ని పెట్టకు" అంది. నేను చూడలేదు. చూడడం నాకు ఇప్పటికీ సరిగా రాదు. ఆమె చెప్పినట్టు ఒక గుడ్డు తీసి పక్కన పెట్టాను. కోడి తల నిమిరి, అన్ని పిల్లలైతయి అని చెప్పబోయాను. బయటి నుంచి అక్కే చెప్పింది ఆ మాట. మెల్లగా, తనకు తానే చెప్పుకున్నట్టు.

ఇంటికొచ్చాక రెండు రోజులు ఇదే ఆలోచన. పోయి చెప్పేస్తే? చెప్పొచ్చు. దడి అవతలే ఉంది మనిషి. తిడితే పడతాను. వాడంతా వినేటట్టు నా పరువు తీసినా పడతాను. కానీ అక్క సంగతి నాకు తెలుసు. తిట్టదు. కాసేపు నా ముఖం చూసి, కడుపు పట్టుకుని నవ్వేస్తుంది. "ఓసి పిచ్చిదానా, గిన్నేండ్లు గిది కడుపుల పెట్టుకున్నవా?" అంటుంది. అట్లా నవ్వేసి, రాత్రి పడుకున్నాక, తన రెండు చేతులు ముఖం ముందు పెట్టుకుని చూసుకుంటుంది. ఇన్నేళ్ళు ఊరికే దూరంగా నిలబడ్డానే అనుకుంటుంది. ఆ నవ్వు నేను పడలేను. చెప్పకపోవడానికి ఇది కారణమా, సాకా? నాకు తెలియడం లేదు. మీకు తెలిస్తే మీ దగ్గరే ఉంచుకోండి.

ఇప్పుడు రాస్తుంటే దడి అవతల నుంచి పిలుస్తోంది. "ఏంజేస్తున్నవే చెల్లె? రాట్నం తెస్తవా, నేనే రావాల్నా?" వెళ్ళాలి. కొడవలి ముక్క నా ఎదురుగా దూలంలో ఉంది. ఆమె ఇంటి దూలంలో ఉండాల్సింది.

మా నర్సక్క చెయ్యి మంచిది. ఏనాడూ చెడిపోలేదు. గుడ్డెలుగును పిలిచింది నా కుండ. ఈ మాట ఇంతవరకు ఒక మనిషి వినేటట్టు అనలేదు నేను. ఇప్పుడు మీతో అన్నాను.